పూటీలు, ఆకులు, కుండ: వడ్రంగి తాతగారి సంస్మరణ సభలో చేసిన ప్రసంగం

సభకు నమస్కారం. తాతగారి కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు, అల్లుళ్లకు, ముందు వరసలో కూర్చున్న మనవలకు, మనవరాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం.

ఇంతవరకు మాట్లాడిన పెద్దలు ఆయన కష్టజీవి అన్నారు, మాట తప్పని మనిషి అన్నారు. అవన్నీ నిజమే. కానీ ఆ మాటలు మన డెల్టాలో ఏ ఊరి పెద్దమనిషికైనా సరిపోతాయి. ఈయనకు మాత్రమే సరిపోయే మాటలు ఆయన చేతిపనిలో ఉన్నాయి. తెనాలి చుట్టుపక్కల ఎడ్లబండి చక్రం మొద్దు దగ్గర మొదలుపెట్టి అంచు చుట్టూ ఇనుప కట్టు ఎక్కించేదాకా సొంతంగా చేయగలిగిన వడ్రంగులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. అందుకని ఈ పూట ఆయన గుణగణాలు కాకుండా ఆయన పని చెబుతాను. ఆయన్ను గుర్తుపెట్టుకోవడమంటే ఆ పనిని గుర్తుపెట్టుకోవడమే అని నా నమ్మకం. కొంచెం వివరంగా చెప్పాల్సి వస్తుంది, ఓపిక పట్టండి.

చక్రం కర్ర దగ్గర మొదలవుతుంది. మన వైపు బండి చక్రానికి నల్లతుమ్మ. బరువైనది, గట్టిది, దెబ్బకు చిట్లదు, చెరువుగట్ల మీదా పొలంగట్ల మీదా దొరికేది. అయితే తుమ్మ అంతా ఒకటి కాదు. లోపలి ఎర్రటి చేవే పనికొస్తుంది. బెరడుకు ఆనుకున్న తెల్లచెక్కను పుప్పి పురుగు తినేస్తుంది. రెండేళ్లలో వేలితో నొక్కితే పొడి రాలుతుంది. చేవ ఎక్కువగా ఉన్న ముదురు చెట్టు చూసి కొట్టించేవారు. మొద్దులను కొన్ని నెలలు చెరువు నీళ్లలో నానేసేవారు. కర్రలో పురుగుకు రుచించే పస నీళ్లలోకి దిగిపోతుంది. ఆ తరువాత నీడన ఆరబెట్టాలి. మొద్దు రెండు కొసలకూ పేడ మెత్తేవారు. కర్రలో తడి పక్కల నుంచి కంటే కొసల నుంచి చాలా తొందరగా పోతుంది. కొసలు ముందే ఎండి, నడుమ పచ్చిగా ఉంటే కొసలు పగులుతాయి. పేడ మెత్తితే ఆ వేగం తగ్గుతుంది.

చక్రం నడుమ ఇరుసు దూరే మొద్దును మనం కుండ అంటాం. రమారమి అడుగు పొడవు, తొమ్మిది పది అంగుళాల లావు. ఇంత లావు కర్ర లోపలిదాకా ఆరడానికి ఏళ్లు పడుతుంది. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగుల లెక్క. తాతగారు కుండకు పెట్టుకున్న మొద్దు నడిమికి బరమాతో ముందే నిలువునా బెజ్జం వేసి అటక మీద పెట్టేవారు. అప్పుడు అది బయట నుంచీ లోపల నుంచీ కూడా ఆరుతుంది, పగుళ్లు తగ్గుతాయి. ఎలాగూ ఇరుసు కోసం తీసెయ్యాల్సిన కర్రే కదా, నష్టమేమీ లేదు. ఆయన పాకలో అటక మీద అలాంటి కుండలు ఎప్పుడూ ఉండేవి. ఈ సంవత్సరం కోసిన కర్రను ఈ సంవత్సరమే వాడటం ఆయనకు బొత్తిగా పడదు. బండి తొందరగా కావాలని రైతు ఎంత బతిమాలినా పచ్చికర్ర ముట్టేవారు కాదు.

కుండ చుట్టూ పన్నెండు ఆకులు, అంటే కుండ నుంచి చక్రం అంచుదాకా పోయే కర్రలు. అంటే పన్నెండు బెజ్జాలు సమానమైన ఎడంతో రావాలి. దీనికి ఆయన టేపు వాడేవారు కాదు. కైవారంతో వృత్తం గీసి, అదే కైవారాన్ని మార్చకుండా ఆ గీత మీద అడుగులు వేయించుకుంటూ పోతే సరిగ్గా ఆరు అడుగులకు మొదలుపెట్టిన చోటికి వస్తుంది. వృత్తానికి వ్యాసార్ధం ఆరుసార్లు పడుతుంది, అది రేఖాగణితం. ఆ ఆరు భాగాల్లో ఒక్కోదాన్ని సగం చేస్తే పన్నెండు. ఈ విద్య ఆయన దగ్గర మొదట నేర్చుకున్నది పెద్ద మనవరాలు. ఆడపిల్లకు వడ్రంగమెందుకని బయటివాళ్లు అన్నా ఆయన పట్టించుకోలేదు. కైవారం ఆ పిల్ల చేతికిచ్చి కుండల మీద గుర్తులు పెట్టించేవారు. బెజ్జాలు తాను తొలిచేవారు.

బెజ్జాల విషయంలో ఒక సూక్ష్మం ఉంది. పన్నెండూ ఒకే వరసలో వస్తే ఆ వరస మీద కుండలో కర్ర మిగలదు, బలం పోతుంది. అందుకని ఒకటి విడిచి ఒకటి కొంచెం ముందుకూ, కొంచెం వెనక్కీ వేస్తారు. దూరం నుంచి చూస్తే తెలియదు. దగ్గరికి వచ్చి ఆకుల మొదళ్లు చూస్తే తెలుస్తుంది. కుండకు రెండు కొసలా ఇనుప వలయాలు వేయాలి, లేకపోతే ఆకులు దిగగొట్టేటప్పుడే పగిలిపోతుంది.

ఆకుకు కోసిన కర్ర కంటే చీల్చిన కర్ర మేలు. రంపం కర్ర నారను చూడదు, గీత వెంట పోతుంది. నార ఏటవాలుగా తెగితే ఆకు ఆ ఏటవాలు వెంట ఒకరోజు విరుగుతుంది. చీల్చితే పగులు నార వెంటే పోతుంది, నార ఈ కొస నుంచి ఆ కొసదాకా తెగకుండా ఉంటుంది. ఆ తరువాత బాడిసతో, అంటే అడ్డపదునున్న చిన్న గొడ్డలితో చెక్కి, చిత్రిక పట్టి నునుపు చెయ్యాలి. ఆకు మొదలు కుండ బెజ్జంలోకి చేత్తో తోస్తే దిగకూడదు. కొడతితో, అంటే చెక్క సుత్తితో కొట్టాలి. ప్రతి దెబ్బకూ చప్పుడు మారుతూ వస్తుంది. అడుగు తగిలేసరికి మొద్దు చప్పుడు పోయి ఖణేల్మంటుంది. తాతగారు ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి కొట్టేవారు. చత్వారం వచ్చాక కూడా ఆకులు దిగగొట్టే పని ఎవరికీ వదల్లేదు, దానికి కంటితో పని లేదు కాబట్టి.

ఇక పూటీలు, అంటే ఆకుల కొసల మీద కూర్చే వంపు చెక్కలు. చక్రం గుండ్రం వచ్చేది వీటితోనే. ఆరు పూటీలు, ఒక్కో పూటీకి రెండు ఆకులు. ఐదడుగుల చక్రమైతే ఒక్కో పూటీ కొస నుంచి కొసకు సూటిగా కొలిస్తే సుమారు రెండున్నర అడుగులు. ఇక్కడ కూడా వ్యాసార్ధం ఆరుసార్లు పట్టే లెక్కే. పలచటి చెక్కతో చేసిన అచ్చు పెట్టి గీసి, బాడిసతో వంపు తీసేవారు. పూటీకి పూటీకి మధ్య లోపల చెక్క చీల ఉంటుంది. అతుకు దగ్గర మాత్రం పూర్తిగా కలవనివ్వకూడదు, గడ్డిపరక దూరేంత సందు వదలాలి.

ఈ సందులోనే చక్రం నిలవడమో పోవడమో ఉంది. ఇనుప కట్టు బిగిసినప్పుడు పూటీలన్నీ లోపలికి నొక్కుకుంటాయి. సందు వదలకపోతే పూటీలు ఒకదానికొకటి ముందే తాకేస్తాయి, ఒత్తిడి ఆకుల దాకా చేరదు. చూడటానికి చక్రం గట్టిగా ఉంటుంది, లోపల ఆకులు వదులుగా ఆడుతుంటాయి. పది ఊళ్లు తిరిగేసరికి టకటకలాడుతుంది. సందు మరీ ఎక్కువైతే కట్టు ఒత్తిడంతా ఆకుల మీదే పడి, ఆకులు వంగి చక్రం ఒకపక్కకు లోతుబడుతుంది, లేదా కుండ చిట్లుతుంది. ఎంత సందు అన్నది ఆ కర్ర ఎంత ఆరింది, ఏ కాలంలో కట్టు వేస్తున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ నిర్ణయాన్ని ఆయన ఎప్పుడూ కాగితం మీద రాయలేదు. రాసి ఉంటే బాగుండేది.

కట్టు వేయడం వడ్రంగి, కమ్మరి కలిసి చేసే పని. రెండంగుళాల వెడల్పు, అరంగుళం మందం ఉన్న ఇనుప పట్టా తెస్తారు. చక్రం మీద ఒకచోట సుద్దతో గుర్తు పెట్టి, పట్టాను నేల మీద పరిచి, దాని మీద చక్రాన్ని ఒక చుట్టు దొర్లిస్తారు. ఐదడుగుల చక్రమైతే 15 అడుగుల 8½ అంగుళాలు వస్తుంది. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడ కోస్తారు. అక్కడే చెడుతుంది. పట్టాను గుండ్రంగా వంచినప్పుడు బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. దాంతో లోపలి చుట్టుకొలత తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందంటే మందానికి మూడు రెట్ల పైచిలుకు. అరంగుళం పట్టాకు అంగుళంన్నర. అది కలపాలి. కట్టు బిగువు కోసం ముప్పావు అంగుళం తీసెయ్యాలి. కలపడం, తీయడం రెండూ పోను చక్రం కొలత కన్నా పట్టా ముప్పావు అంగుళం ఎక్కువే ఉండాలి. కమ్మరి కొసలు ఒకదానిమీద ఒకటి వేసి అతికేందుకు కావలసింది దీనికి అదనం. ఈ లెక్క తెలియక సరిగ్గా కోసినవాడి కట్టు మామూలుగా కాల్చితే చక్రం మీద ఎక్కదు. బలవంతాన ఎక్కించారో, ఆకులు విరుగుతాయి.

కాల్చడానికి కొలిమి చాలదు, అంత పెద్ద కట్టు అందులో పట్టదు. ఖాళీ స్థలంలో రాళ్ల మీద కట్టును పరిచి, చుట్టూ పిడకలు పేర్చి, ఊక చల్లి నిప్పు పెట్టేవారు. మంట చుట్టూతా ఒకేలా ఉండాలి. ఒకపక్క ఎర్రబడి ఇంకోపక్క నల్లగా ఉంటే కట్టు గుండ్రం తప్పుతుంది. ఈ కొలత కట్టు ప్రతి 100 డిగ్రీల సెల్సియస్ వేడికీ పావు అంగుళం కంటే కొంచెం తక్కువ సాగుతుంది. ముప్పావు అంగుళం తీసేశాం కాబట్టి 350, 400 డిగ్రీలు ఎక్కితేగాని చక్రం దానిలో పట్టదు. థర్మామీటరు ఎవరి దగ్గరుంది? ఎండుగడ్డి పరక ఆనించి చూసేవారు. పొగ వస్తే ఇంకా కాలాలి. భగ్గున అంటుకుంటే సిద్ధం.

అప్పటి తొందర చూసినవాళ్లకే తెలుస్తుంది. చక్రం నేల మీద పరిచి ఉంటుంది, కుండ కోసం గుంట తీసి ఉంటుంది. ముగ్గురు పట్టకార్లతో కట్టును ఎత్తి తెచ్చి, మూడు వైపులా ఒకేసారి దింపాలి. కర్ర అంటుకుంటుంది, పొగ కమ్మేస్తుంది. సుత్తులతో సరిచేసి వెంటనే నీళ్లు పొయ్యాలి. ఆలస్యమైతే పూటీ అంచు బొగ్గైపోతుంది. ఆ బొగ్గు రాలిపోయాక కట్టు వదులవుతుంది. నీళ్లు ఒకచోటే పోయకూడదు, చుట్టూ తిరుగుతూ పొయ్యాలి. చల్లారుతున్నప్పుడు అతుకులు ఒక్కొక్కటే కలుసుకుంటూ కిర్రుమని చప్పుడు చేస్తాయి. ఆరు అతుకులూ కలిశాయా అని తాతగారు వంగి చూసేవారు. ఎక్కడైనా సందు మిగిలితే, కట్టు తీసి మళ్లీ చేయడానికి వెనకాడేవారు కాదు. డబ్బు అడిగేవారు కాదు.

బండి ఇచ్చేశాక కూడా ఆయన పని అయిపోయేది కాదు. వేసవి వచ్చిందంటే కట్టు వదులైందని రైతులు వచ్చేవారు. కర్ర పొడవునా కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది. ఆకు పొడవు మారదు. కుండ లావూ, పూటీల లోతూ తగ్గుతాయి. కట్టు మాత్రం అంతే ఉంటుంది. అందుకని వదులవుతుంది. చాలామంది కట్టుకూ పూటీకీ మధ్య చెక్క చీలికలు దూరుస్తారు. అది ఆ పూటకు పనికొస్తుంది, కానీ చక్రాన్ని గుండ్రం తప్పిస్తుంది. చీలిక ఉన్నచోట ఒత్తిడి పడి అక్కడే పూటీ పగులుతుంది. ఆయన సలహా ఒకటే: రాత్రికి చక్రాలను చెరువులో దించి ఉంచండి, కర్ర ఉబ్బుతుంది. ఏటేటా అలా చేసినా వదులవుతుంటే అప్పుడు కట్టు కోసి, కురచ చేసి, మళ్లీ అతికించాలి. ఇరుసుకు కందెన ఎండిపోకుండా చూసుకోమని కూడా చెప్పేవారు. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి చేసే కందెన. చక్రం జారిపోకుండా ఇరుసు కొసన దూర్చే కడశీల అరిగితే మార్చకుండా తాడుతో కట్టుకుని తిరిగేవాళ్ల మీద మాత్రం ఆయనకు కోపం వచ్చేది. చక్రం ఊడి దొర్లిపోతే ఎద్దు కాలు విరుగుతుంది.

ఎద్దుల గురించి ఆయనకు ఉన్న పట్టింపు వేరు. బండిలో బరువు ముందుకు పడితే కాడి మెడలను నొక్కి పుండ్లు చేస్తుంది. వెనక్కి పడితే కాడి పైకి లేచి పలుపు గొంతుకు బిగుస్తుంది. ఇరుసును పరుపు, అంటే బరువు వేసే బండి నేల కింద ఎక్కడ కూర్చోబెట్టాలన్నది దీని మీదే ఆధారపడుతుంది. ఆ రైతు ఎక్కువగా ధాన్యం బస్తాలు తోలుతాడా, వరిగడ్డి తోలుతాడా అని ముందే అడిగేవారు. జతలో ఒక ఎద్దు బలహీనమైతే కాడి మీద నొగలు, అంటే బండి నుంచి కాడిదాకా వచ్చే పొడవాటి కర్రలు కట్టే చోటును రెండు వేళ్లంత బలమైన ఎద్దు వైపు జరిపేవారు. కట్టే చోటుకు దగ్గరున్న ఎద్దు మీద బరువు ఎక్కువ పడుతుంది, దూరంగా ఉన్నదాని మీద తగ్గుతుంది. ముసలి ఎద్దు ఇంకో రెండేళ్లు పనిచేసేది.

నాగళ్లు, గుంటకలు, గొర్రులు బాగుచేసినందుకు రైతులు ఏడాదికోసారి కళ్లం మీద ఆయన వంతు ధాన్యం, అంటే మేర కొలిచేవారు. కొత్త బండికి విడిగా. ఆ ఏర్పాటు ఎలా పోయిందో మీకందరికీ తెలుసు. టైరు బండ్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి, కళ్లాలే లేకుండా పోయాయి. తాతగారు తలుపులకూ ద్వారబంధాలకూ మళ్లారు. అందులోనూ ఆయనది బండి చేసినవాడి చేయే. తలుపు చట్రంలో దిగే పలకలకు జిగురు పెట్టనిచ్చేవారు కాదు. పలక వానాకాలం ఉబ్బాలి, ఎండాకాలం తగ్గాలి. గాడిలో కదలడానికి చోటుండాలి. జిగురు పెట్టి బంధిస్తే నడుమ నిలువునా పగులుతుంది. ద్వారబంధం నిలువు కమ్ముల అడుగు కొసలకు నిలబెట్టకముందే రంగు పట్టించేవారు, చెమ్మ పీల్చేది ఆ కొసలే కాబట్టి.

ఇక మనవల సంగతి. ఈ ఇంట్లో ఏ బిడ్డ గోడ పట్టుకుని నిలబడినా, ఆ వారంలోనే తాతగారి పాకలో మూడు చక్రాల బండి తయారయ్యేది. ఇది చిన్న పని అనుకోవద్దు. పిల్లల బండి చాలామంది తప్పుగానే చేస్తారు. బిడ్డ పట్టుకునే అడ్డకర్ర వెనక చక్రాల ఇరుసు కంటే వెనక్కి ఉంటే, బిడ్డ దాన్ని పట్టుకుని లేవబోయినప్పుడు బండి వెనక్కి లేచి మీద పడుతుంది. తాతగారు వెనక ఇరుసును అడ్డకర్ర కంటే రెండంగుళాలు వెనక్కే పెట్టేవారు. అడ్డకర్ర ఎత్తు ఆ బిడ్డ రొమ్ముకు కొలిచి పెట్టేవారు. అందరికీ ఒకే ఎత్తు కాదు. చక్రాలు కొమ్మను అడ్డంగా కోసిన బిళ్లలతో చేస్తే ఎండాక నడుమ నుంచి అంచుకు పగులుతాయి. పలకలో నుంచి గుండ్రంగా కోయాలి. మేకులు వాడలేదు, చెక్క చీలలే. పిల్లలు నోట్లో పెట్టుకుంటారని రంగు వెయ్యకుండా నువ్వుల నూనెతో రుద్దేవారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ బండికి కందెన పెట్టేవారు కాదు. చక్రం కొంచెం బిగువుగా, కిర్రుకిర్రుమంటూ తిరగాలి. సులువుగా తిరిగితే బండి బిడ్డ కంటే ముందు పరుగెత్తుతుంది, బిడ్డ బోర్లా పడుతుంది. పైగా ఆ చప్పుడును బట్టి బిడ్డ ఏ గదిలో ఉందో తల్లికి తెలుస్తుంది. జీవితమంతా చక్రాలు తేలిగ్గా తిరగడానికి పనిచేసిన మనిషి, మనవల కోసం బరువుగా తిరిగే చక్రం చేశాడు. ఆయన ప్రేమ ఎలాంటిదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకలేదు.

పిల్లలు పెరిగాక పని నేర్పిన తీరు కూడా చెప్పాలి. ముందు తురుము ఊడ్చి ఎత్తడం. ఏ కర్ర తురుము ఎలా చుట్టుకుంటుంది, ఏది వాసన వేస్తుంది అని చేతికి తెలియాలని. తరువాత చెక్క చీలలు చెక్కడం. ఉలి సానపట్టడం దగ్గర మాత్రం నెలల తరబడి ఆపేవారు. ఉలి వాలు 25 నుంచి 30 డిగ్రీలు. చెయ్యి ఊగితే వాలు గుండ్రబడుతుంది, చూడటానికి మెరుస్తుంది, కర్రలో దిగదు. సానరాయి నడుమ గుంటపడితే ఉలి అంచూ వంకరవుతుంది కాబట్టి రాయంతా వాడమనేవారు. ఉలి వెనక ముఖం అద్దంలా చదునుగా ఉండాలని, అది చదును కాకుండా ముందు ముఖం ఎంత పట్టినా వృథా అని చెప్పేవారు. మనవళ్లలో ఇద్దరు ఇప్పుడు వేరే ఉద్యోగాల్లో ఉన్నారు, ఒకరు హైదరాబాదులో ఫర్నిచర్ పనిలో ఉన్నారు. ముగ్గురికీ ఉలి పట్టడం వచ్చు.

2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. పద్దెనిమిది వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ ఇస్తారు, పనిముట్ల కోసం 15,000 రూపాయలు ఇస్తారు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల దాకా రుణం ఇస్తారు. మంచిదే, ఈ ఊళ్లో అర్హులైనవాళ్లు తీసుకోవాలి. అయితే పనిముట్లు కొనుక్కోవచ్చు గానీ పూటీల మధ్య ఎంత సందు వదలాలో కొనుక్కోలేం. అది ఉన్నవాళ్ల దగ్గర ఉన్నప్పుడే రాసుకోవాలి.

కుటుంబానికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఆయన బాడిసలు, ఉలులు తుప్పు పట్టాయని గ్రైండరు పెట్టొద్దు. ఆ వేడికి అంచు పదును నిలవకుండా పోతుంది. కిరసనాయిలులో నానబెట్టి, గుడ్డతో తుడిచి, నూనె రాసి ఉంచండి. పాకలో గోడకు ఆనించిన రెండు చక్రాలను నేల మీద నుంచి ఎత్తి ఇటుకల మీద పెట్టండి, కిందనున్న పూటీకి ఇప్పటికే చెద మొదలైంది. అటక మీద మిగిలిన కుండలను వంటచెరకుగా వాడొద్దు. అన్నిటికన్నా ముందు, గోడకు మేకుకు వేలాడుతున్న పూటీ అచ్చులను చూడండి. నాలుగున్నర అడుగుల చక్రానికి ఒకటి, ఐదడుగులకు ఒకటి. ఒక్కో అచ్చు మీద పెన్సిలు గుర్తులున్నాయి. అవి చెరిగిపోకముందే ఫొటో తీసి, పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో తీయండి. భోజనాల తరువాత పెద్ద మనవరాలు వాటిని ఇక్కడికి తెచ్చి, ఏ గుర్తు దేనికో చూపిస్తానంది. కొలతలు రాసుకోదలచినవాళ్లు కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.